మన ఊరి చిన్న యూపీ స్కూలు: చదువు ఎలా ఉంది, పిల్లలు ఎవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులున్న చిన్న బళ్ల గురించి తల్లిదండ్రులు, పేరెంట్స్ కమిటీ సభ్యులు, కొత్తగా చేరిన టీచర్లు, ఊరి బడికి ఏదైనా చేద్దామనుకునే వాళ్లు అడిగే ప్రశ్నలివి. ఉదాహరణకి ఒక బడిని ఊహించుకున్నాం. ఆరులో 17 మంది, ఏడులో 15, ఎనిమిదిలో 14, అంతా కలిపి 46 మంది. ఈ అంకెలు లెక్క చూపించడానికే, ఏ ఒక్క బడివీ కావు. మీ బడి అంకెలు వేసుకుని ఇదే లెక్క చేసుకోండి.

యూపీ స్కూలంటే సరిగ్గా ఏది? హైస్కూలుకీ దీనికీ తేడా ఏమిటి?

యూపీ స్కూలంటే ప్రాథమికోన్నత పాఠశాల. చాలా ఊళ్లలో మండల పరిషత్ కింద, ఒకటి నుంచి ఏడు దాకానో ఎనిమిది దాకానో ఒకే ఆవరణలో నడుస్తుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి ఉంటుంది కాబట్టి ఏటా ఒక పబ్లిక్ ఫలితం బయటికొస్తుంది. యూపీ స్కూలుకి అలాంటి ఫలితం లేదు. అందుకే ఇక్కడ చదువు బాగుందో లేదో పేపర్లో చూసి తెలుసుకోలేం, మనమే లెక్క తీసుకోవాలి. ఈ వివరాలన్నీ అందుకే.

మా బడి అధికారిక వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

యూడైస్ అంటే దేశంలోని బళ్ల వివరాలన్నీ నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. బడి బోర్డు మీదో, పిల్లవాడి రికార్డు షీటు మీదో చూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి (మనకి 28), తర్వాత రెండు జిల్లావి, ఆపై రెండు మండలానివి, మూడు ఊరివి, చివరి రెండు బడివి. ఆ కోడ్ వేసి యూడైస్ ప్లస్ సైట్లో వెతికితే మొత్తం పిల్లలు, బాలురు, బాలికలు, టీచర్ల సంఖ్య, గదులు, మరుగుదొడ్లు, కరెంటు వివరాలు వస్తాయి. మార్కులు మాత్రం అందులో ఉండవు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ లెక్కకి ప్రామాణికమైన తేదీ సెప్టెంబరు 30. జూన్‌లో చేరి ఆగస్టులో వెళ్లిపోయిన పిల్లవాడు అందులో ఉండకూడదు. అక్టోబరులో వచ్చినవాడు కనిపించడు. బళ్లో ఉన్న అడ్మిషన్ రిజిస్టరు, హాజరు రిజిస్టరు, యూడైస్ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరిద్దరు తేడా వస్తారు. ఆ ఒకరిద్దరి పేర్లు ఏమిటో వెంటనే కనుక్కోండి. చిన్న బడిలో తేడా దొరికేది వాళ్ల దగ్గరే. 2022-23 నుంచి యూడైస్‌లో పిల్లల్ని పేరుపేరునా నమోదు చేస్తున్నారు. బడి మారిన పిల్లవాణ్ని పాత బడి వదిలితే డ్రాప్‌బాక్స్‌ అనే ఆన్‌లైన్ జాబితాలోకి వెళ్తాడు, కొత్త బడి అక్కణ్నించి తీసుకోవాలి. ఎవరూ తీసుకోకపోతే చదువుతున్న పిల్లవాడు కూడా కాగితం మీద బడి మానేసినవాడై కూర్చుంటాడు.

ఊళ్లో ఈ వయసు పిల్లలు వందకి దగ్గరగా ఉన్నారు. బళ్లో 46 మందే ఎందుకు?

ఈ ప్రశ్నకి జవాబు బళ్లో దొరకదు, ఊళ్లో దొరుకుతుంది. 11, 12, 13 ఏళ్ల పిల్లల జాబితా వీధి వీధికీ రాసుకుని, ఒక్కొక్కరి ఎదురుగా ఎక్కడ చదువుతున్నారో రాయండి. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త సాయం చేస్తే ఒక ఊరికి రెండు సాయంత్రాలు చాలు. మన ఊహా బడి ఊళ్లో 98 మంది ఉన్నారనుకుందాం. 46 మంది ఊరి బడి. 31 మంది ప్రైవేటు స్కూలు బస్సెక్కుతారు. 12 మంది గురుకులం, కస్తూర్బా, నవోదయ, మోడల్ స్కూలు. ఆరుగురు అమ్మానాన్నలతో వలస. ముగ్గురు ఎక్కడా లేరు.

అందరూ 31 దగ్గర ఆగిపోతారు. మా దృష్టిలో మొదట చూడాల్సింది చివరి ముగ్గురిని, ఆ తర్వాత ఆరుగురిని. ప్రైవేటు బస్సెక్కే పిల్లవాడు ఎక్కడో చదువుతున్నాడు. ఈ తొమ్మిదిమంది చదువు తెగిపోయే ప్రమాదంలో ఉన్నారు.

ఇక 12 మంది సంగతి. ఐదో తరగతిలోకే సాంఘిక సంక్షేమ గురుకులాల ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆరులోకి నవోదయ (శ్రీకాకుళం వైపు సరుబుజ్జిలి మండలం వెన్నెలవలస, విజయనగరం వైపు ఎస్.కోట దగ్గర కిల్తంపాలెం), మోడల్ స్కూళ్లు, ఆడపిల్లలకి కస్తూర్బా. అంటే ప్రాథమిక తరగతుల్లో ముందున్న పిల్లలు ఆరుకొచ్చేసరికి కొంతమంది వెళ్లిపోతారు. అది వాళ్లకి మంచిదే, వెళ్లాలి కూడా. కానీ మిగిలిన తరగతి సగటు దాంతో పడుతుంది. 17 మంది సగటు 52 అయితే మొత్తం 884 మార్కులు. 90, 86 తెచ్చుకున్న ఇద్దరు వెళ్లిపోతే మిగిలేవి 708, పదిహేనుమందికి సగటు 47.2. ఒక్క పిల్లవాడికీ ఒక్క మార్కూ తగ్గలేదు, సగటు మాత్రం ఐదు మార్కుల దాకా పడిపోయింది. ‘కొత్త మాస్టారు వచ్చాక చదువు పోయింది’ అనే ముందు ఈ తీసివేత ఒకసారి చేయండి.

మా బళ్లో ఆడపిల్లలే ఎక్కువమంది ఉన్నారు. ఊళ్లో మగపిల్లలు తక్కువా?

2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకి 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లున్నారు. అయితే అది అన్ని వయసులూ కలిపిన లెక్క. మగవాళ్ల వలస కూడా అందులో కలిసి ఉంటుంది. బళ్లో తేడా అంతకంటే చాలా పెద్దగా కనిపిస్తే కారణం వేరే ఉంది.

పైన చెప్పిన ఊరి జాబితాని బాలురు, బాలికలుగా విడదీయండి. ప్రైవేటు బస్సెక్కే 31 మందిలో మగపిల్లలెందరో చూడండి. ఒకే ఇంట్లో కొడుకుని ఫీజు కట్టి పంపి, కూతుర్ని ఊరి బడికి పంపే ఇళ్లు ఎన్నో రాసుకోండి. ఆ సంఖ్య తేలితే కమిటీ మీటింగులో మాట్లాడాల్సిన విషయం అదే తేలుతుంది. ఆ ఇంటి అమ్మాయికి ఎనిమిది తర్వాత హైస్కూలు దూరమైతే చదువు ఆగే అవకాశం ఎక్కువ. అందుకే ఆ పేర్లు ముందే దగ్గర పెట్టుకోవాలి.

కులం, వర్గం గళ్లు ఎందుకు? వాటిని ఎలా చదవాలి?

స్కాలర్‌షిప్పులు, గురుకుల సీట్లు, పథకాలు ఆ గళ్ల మీదే నడుస్తాయి కాబట్టి అవి సరిగ్గా ఉండాలి. మన రెండు జిల్లాల ఊళ్లలో బీసీలే ఎక్కువ. తూర్పు కాపు, కొప్పుల వెలమ బీసీ-డీలోకి వస్తారు. వాడబలిజ, జాలరి వంటి మత్స్యకార కులాలు బీసీ-ఏలోకి. రిజిస్టర్లో ఉత్త ‘బీసీ’ అని రాసి వదిలేసిన చోట్ల తర్వాత దరఖాస్తులు ఆగిపోతాయి. ఉపవర్గం కూడా ఉండాలి. సర్టిఫికెట్లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయాలి.

ఎస్టీ పిల్లల విషయంలో ఇంకొకటి. మందస, మెళియాపుట్టి వైపు సవర పిల్లలు, ఎస్.కోట వైపు కొండదొర పిల్లలు గూడెం దగ్గరి చిన్న ప్రాథమిక బడి నుంచి ఆరుకి మైదానం బడికి వస్తారు. సవర ఇళ్లలో మాట్లాడేది సవర. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వైపు ఒడియా మాట్లాడే ఇళ్లున్నాయి. యూడైస్ ఫారంలో మాతృభాష గడి ఉంటుంది. అందరికీ ‘తెలుగు’ అని నింపేస్తే ఆ పిల్లలకి తెలుగు చదవడంలో ఎందుకు ఆలస్యమవుతోందో ఎవరికీ తెలియదు. వాళ్లకి బుద్ధి లేదనుకుంటారు. ఆ ఒక్క గడీ నిజం రాయడం చాలా ముఖ్యం.

వర్గాన్ని బట్టి చదువుని ముందే నిర్ణయించేయకండి. పదో తరగతి ఉత్తీర్ణతలో 2023, 2024, 2025 మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాది. 2024లో 96.37 శాతం. అది గిరిజన జిల్లా, ఆశ్రమ పాఠశాలలు ఎక్కువున్న జిల్లా.

వలస వెళ్లే కుటుంబాల పిల్లల్ని ఎలా లెక్కపెట్టాలి?

వలసల్లో రకాలున్నాయి, ఒక్కో రకానికి బళ్లో ఒక్కోలా ఫలితం ఉంటుంది. తీరప్రాంతంలో మగవాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. తల్లి, పిల్లలు ఊళ్లో ఉంటారు కాబట్టి హాజరు అంతగా తగ్గదు. ఏడు, ఎనిమిదికొచ్చిన మగపిల్లవాడి మీదే కన్నుండాలి. ఇళ్ల పనులకీ ఇటుక బట్టీలకీ భార్యాభర్తలిద్దరూ వెళ్లే ఇంట్లో పిల్లలు వాళ్లతో పోతారు, లేదా అమ్మమ్మ దగ్గర ఉండిపోతారు. అమ్మమ్మ దగ్గరున్న పిల్లవాడు రిజిస్టరుకి మామూలు పిల్లవాడే. ఇంట్లో హోంవర్క్ చూసేవాళ్లు, జ్వరమొస్తే ఫోన్ చేసేవాళ్లు లేరన్న సంగతి రిజిస్టరు చెప్పదు.

హాజరు రిజిస్టర్లో పేరు పక్కన పెన్సిలుతో చిన్న గుర్తులు పెట్టుకోండి. తండ్రి వలస, ఇద్దరూ వలస, తాత-అమ్మమ్మల దగ్గర. సంరక్షకుల ఫోన్ నంబరు సంక్రాంతికి ఒకసారి సరిచూసుకోండి, వలస వెళ్లినవాళ్లు అప్పుడు ఊళ్లో దొరుకుతారు. కుటుంబంతో వెళ్లేవాడికి ముందే రికార్డు షీటు, ఆధార్ కాపీ చేతికిచ్చి, అక్కడి బడిలో చేర్చమని చెప్పి పంపండి. తిరిగొస్తే విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలోనైనా చేర్చుకోవాలి. టీసీ రాలేదని ఆపకూడదు.

హాజరు 82 శాతం అంటున్నారు. అది మంచిదేనా?

ఆ అంకె ఒక్కటీ ఏమీ చెప్పదు. ఆరో తరగతి 17 మంది, ఒక నెలలో 18 పనిదినాలు. మొత్తం 306 హాజర్లు పడాలి, 252 పడ్డాయి. 82 శాతం. ఇది రెండు విధాలుగా రావచ్చు. ఒకటి: 14 మంది తలా మూడు రోజులు, ముగ్గురు తలా నాలుగు రోజులు మానారు. రెండు: 14 మంది ఒక్కరోజూ మానలేదు, ముగ్గురు నెలంతా రాలేదు (మూడు పద్దెనిమిదులు 54, 306లోంచి తీస్తే 252). మొదటిదైతే జ్వరాలో పండగో అనుకోవచ్చు. రెండోదైతే ముగ్గురు పిల్లలు చేజారిపోతున్నారు.

కాబట్టి సగటు పక్కన పెట్టి పిల్లవాడి వారీగా చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి చట్టం చెప్పే పనిదినాలు 220. అందులో పదోవంతు, అంటే 22 రోజులు మానితే ఆ పిల్లవాడి చదువు తెగుతున్నట్టే లెక్క. నెలకి రెండు రోజులు దాటి మానినవాళ్ల పేర్లు నెలాఖరున ఒక కాగితం మీద రాయండి. మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెడితే రెండుసార్లు, మూడుసార్లు వచ్చిన పేర్లు వాటంతటవే కనిపిస్తాయి. పథకాలకి చెప్పే 75 శాతం హాజరు డబ్బుకి హద్దు, చదువుకి హద్దు కాదు. 75 శాతమంటే 220లో 55 రోజులు బడి లేనట్టు.

ఏ నెలల్లో తగ్గుతుందో కూడా చూసుకోండి. జులై, ఆగస్టుల్లో ఉభాలు (వరినాట్లు), నవంబరు, డిసెంబరుల్లో కోతలు. ఆ రోజుల్లో ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోవడానికి పెద్దమ్మాయి ఆగిపోతుంది. విజయనగరం చుట్టుపక్కల పైడితల్లి సిరిమానోత్సవం వారం, సంక్రాంతి సెలవుల తర్వాతి వారం ఎలాగూ పలచగా ఉంటాయి. పలాస-కాశీబుగ్గ వైపు జీడిపప్పు పని ఇంటి దగ్గరికొచ్చే వీధుల్లో తగ్గుదల ఏ ఒక్క నెలకీ పరిమితం కాదు. కొత్త పాఠం, ముఖ్యంగా లెక్కల్లో కొత్త అధ్యాయం, ఆ పలచటి వారాల్లో మొదలుపెట్టకపోతే సగం నష్టం తగ్గుతుంది.

రిజిస్టర్లో హాజరు నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్న భోజనం లెక్కతో. ఆరు నుంచి ఎనిమిది పిల్లలకి తలకి 150 గ్రాముల బియ్యం, ఒకటి నుంచి ఐదుకి 100 గ్రాములు. 46 మందికి 6 కిలోల 900 గ్రాములు. 38 మంది తిన్నరోజు 5 కిలోల 700. ఒకే ఆవరణలో ప్రాథమిక తరగతులుంటే వాటిని విడిగా వేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకునే ఒకరిద్దరు ఎక్కడైనా ఉంటారు కాబట్టి రోజూ సరిగ్గా కలవాలని పట్టుబట్టకండి. నెల మొత్తం మీద రెండు లెక్కలూ దూరంగా ఉంటే అడగండి.

ఈ ఏడు ఎనిమిదో తరగతి పాస్ శాతం 86 నుంచి 79కి పడింది. ఏం జరిగింది?

ఒక పిల్లవాడి తేడా. 14 మందిలో 12 మంది అంటే 86 శాతం, 11 మంది అంటే 79. ఈ తరగతిలో ఒక్కో పిల్లవాడి విలువ ఏడు శాతం పైనే. పరీక్ష రోజు ఒకరికి జ్వరమొస్తే బడి ఏడు శాతం ‘వెనకబడుతుంది’. చిన్న బడి గురించి మేం గట్టిగా చెప్పే మాట ఇదే: 30 మంది కంటే తక్కువున్న తరగతికి శాతాలు రాయకండి. ‘14 మందిలో 11 మంది’ అని రాయండి. అలా రాసిన మరుక్షణం చదివేవాడు ‘ఆ ముగ్గురెవరు?’ అని అడుగుతాడు. అడగాల్సింది అదే.

దీర్ఘకాలం ఎటు పోతోందో తెలియాలంటే మూడేళ్లు కలపండి. 14లో 12, 16లో 11, 15లో 13 అయితే శాతాలు 86, 69, 87. చూస్తే ఉయ్యాలలా ఊగుతున్నాయి. కలిపితే 45 మందిలో 36 మంది. తర్వాతి మూడేళ్లకి అలాగే కలిపి పోల్చండి.

ఇక్కడ పాస్ అంటే ఏమిటో కూడా ముందే రాసుకోవాలి. విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది. 2019 సవరణ 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వెసులుబాటు రాష్ట్రాలకిచ్చింది. కాబట్టి పై తరగతికి వెళ్లడం చదువుకి కొలత కాదు. ‘అన్ని సబ్జెక్టుల్లో 35 పైన వచ్చినవాళ్లు’ అని ఒక అర్థం పెట్టుకుని ఏటా దాన్నే వాడండి.

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు బాగున్నాయి, ఎస్ఏలో (సమ్మేటివ్ అసెస్‌మెంట్) తగ్గాయి. ఏది నమ్మాలి?

రెండూ వేర్వేరు కొలతలు. ఎఫ్ఏలో స్లిప్ టెస్టుతో పాటు ప్రాజెక్టు, నోటుబుక్కు, తరగతిలో పాల్గొనడం ఉంటాయి. ఎస్ఏ పూర్తిగా రాతపరీక్ష. ప్రాజెక్టు, నోటుబుక్కు మార్కుల్లో తరగతంతా ఒకే అంకె చుట్టూ తిరుగుతుంటే అవి పిల్లవాడి గురించి ఏమీ చెప్పడం లేదు. ఎఫ్ఏలో స్లిప్ టెస్టు మార్కుల్ని మాత్రం తీసి ఎస్ఏ పక్కన పెట్టండి, అప్పుడు పొంతన దొరుకుతుంది. ఇన్నేళ్లలో పరీక్షల తీరు చాలాసార్లు మారింది. పాత రిజిస్టరుతో పోల్చేముందు పైన గరిష్ఠ మార్కులు ఎన్నో చూసుకోండి. 20కి 14నీ, 50కి 30నీ పక్కపక్కన కూర్చోబెట్టిన పట్టికలు బళ్లలో కనిపిస్తాయి.

మార్కులొస్తున్నా పిల్లవాడికి చదవడం రావడం లేదనిపిస్తోంది. ఎలా తేల్చాలి?

జూన్‌లో బడి తెరిచిన రెండు వారాల్లోపు, మళ్లీ డిసెంబరులో, మళ్లీ మార్చిలో ఒక్కొక్క పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలి. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. 46 మందికి ముగ్గురు టీచర్లు కూర్చుంటే ఒక మధ్యాహ్నంతో అయిపోతుంది.

చదవడానికి రెండో తరగతి స్థాయి కథ, ఎనిమిది పది వాక్యాలది, పిల్లవాడు ఇంతకుముందు చూడనిది తీసుకోండి. పాఠ్యపుస్తకంలోది వద్దు, కంఠతా వచ్చేసి ఉంటుంది. వాక్యాన్ని వాక్యంలా, మూడు తప్పులు మించకుండా చదివితే చదవగలిగినట్టు. కూడబలుక్కుంటే కింది స్థాయి పేరా ఇవ్వండి, అదీ కాకపోతే మాటలు, అదీ కాకపోతే అక్షరాలు. ఎక్కడ ఆగాడో అక్కడే పేరు రాయండి. ఆరుకొచ్చిన పిల్లలు ఎక్కువగా తట్టుకునేది వత్తుల దగ్గర. ‘కార్యక్రమం’ అన్నచోట ‘కారక్రమం’ అంటారు. యాసని తప్పుగా లెక్కించకండి. ‘వచ్చాడు’ అని ఉన్నచోట ‘వచ్చినాడు’ అన్న పిల్లవాడు అర్థం చేసుకునే చదివాడు.

లెక్కలకి రెండే లెక్కలు చాలు. మొదటిది 402లోంచి 178 తీసివేత. జవాబు 224. ‘376’ అని రాసిన పిల్లవాడు ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. అప్పు తెచ్చుకోవడం వాడికి అసలు తెలియదు. రెండోది 618ని 6తో భాగించడం. జవాబు 103. ‘13’ అని వచ్చిందంటే భాగహారం వచ్చు, మధ్యలో సున్నా వేయాలని తెలియదు. వీళ్లిద్దరికీ చెప్పాల్సినవి వేర్వేరు. మార్కుల పట్టికలో మాత్రం ఇద్దరికీ సున్నాయే. సగటు మార్కుల్ని ఎంత తిరగేసినా ఈ తేడా కనబడదు.

పుస్తకాలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిషు ఉన్నవి కాబట్టి రాత లెక్క ఒకటి రెండు భాషల్లోనూ ఇచ్చి చూడండి. తెలుగులో చేసి ఇంగ్లిషులో ఆగిపోతే వాడి ఇబ్బంది లెక్కలతో కాదు.

మా బడిని జిల్లా సగటుతో పోల్చవచ్చా?

జాగ్రత్తగా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని మండలాలు శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. రాజాం, రేగిడి ఆమదాలవలస, వంగర, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపంతా విజయనగరం నుంచి విడిపోయింది. 2021 నాటి ‘శ్రీకాకుళం’ అంకె, 2023 నాటి ‘శ్రీకాకుళం’ అంకె ఒకే ప్రాంతానివి కావు. పదో తరగతి ఫలితాలు చూసేటప్పుడు 2020, 2021 తీసేయండి. కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయి అందరూ ఉత్తీర్ణులయ్యారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానం బళ్లలో ఆ ఏటి అంకెల్ని ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి.

జాతీయ సర్వేలు కొన్ని బళ్లనే ఎంచుకుంటాయి, ఒక్కో బడికి విడిగా ఫలితం ఇవ్వవు. మీ బడికి సరైన పోలిక, నిరుడు మీ బడే. ఇంకా మెరుగైనది: ఈ ఏడు ఎనిమిదిలో ఉన్న ఈ 14 మందే ఆరులో ఉన్నప్పుడు ఎలా ఉన్నారు అన్నది.

46 మందికి ఎంతమంది టీచర్లుండాలి?

చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదికి తరగతికి ఒక్కరైనా ఉండాలి. సైన్సు-లెక్కలకి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు అయ్యేలా చూడాలి. 35 మందికి ఒకరి చొప్పున తగ్గకూడదు. వందమంది దాటితేనే పూర్తికాలపు హెడ్మాస్టరు. చిన్న బడిలో ‘15 మందికి ఒక టీచరు’ అని కనబడితే బాగుందనుకుంటారు. ఆ ముగ్గురిలో ఒకరు సెలవు పెడితేనో, ట్రైనింగుకి వెళ్తేనో మూడోవంతు బడి ఆగిపోతుంది. నిష్పత్తి కంటే, లెక్కలు చెప్పే మనిషి బళ్లో లేని రోజులెన్నో రాసుకోవడం ఎక్కువ ఉపయోగం.

ఎనిమిది అయ్యాక పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారో ఎలా తెలుస్తుంది?

ఏప్రిల్‌లో 14 పేర్లు రాసిపెట్టి, జులై మొదటి వారంలో ఒక్కొక్కరి ఎదురుగా తొమ్మిది ఏ బళ్లో చేరారో నింపండి. రికార్డు షీటు తీసుకెళ్లడం చేరినట్టు కాదు. హైస్కూలు అడ్మిషన్ నంబరు వచ్చాకే టిక్కు పెట్టండి. సెప్టెంబరులో మరోసారి ఫోన్ చేయండి, చేరి మానేసేవాళ్లు ఆ రెండు నెలల్లోనే మానేస్తారు. హైస్కూలు దూరం, బస్సు వేళ, తోడు వెళ్లే అమ్మాయిలున్నారా అన్నవి మూడూ ముందే కనుక్కోవాలి. ఒక వీధి నుంచి ఒక్క అమ్మాయే వెళ్లాల్సొస్తే ఆ ఇంటికి కమిటీలోని తల్లులు ముందే వెళ్లి మాట్లాడటం మంచిది.

ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌కి మా పిల్లలు రాయగలరా?

తప్పకుండా రాయాలి. ఎన్ఎంఎంఎస్ అంటే తక్కువ ఆదాయమున్న ఇళ్లలో ప్రతిభ ఉన్న పిల్లలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతి పిల్లలకే ఈ పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. తల్లిదండ్రుల ఆదాయం ఏటా మూడున్నర లక్షలు మించకూడదు. ఏడులో 55 శాతం (ఎస్సీ, ఎస్టీలకి 50) ఉండాలి. మేధాశక్తి పరీక్ష 90 ప్రశ్నలు, సబ్జెక్టు పరీక్ష 90 ప్రశ్నలు. గురుకులం వంటి వసతి బళ్ల పిల్లలకి అర్హత లేదు కాబట్టి ఊరి బడి పిల్లలకి ఇది నిజంగా అందే అవకాశం.

చెడేది ఎక్కువగా కాగితాల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రిజిస్టర్లో ఇంకోలా ఉంటుంది. బ్యాంకు ఖాతా పిల్లవాడి పేరున ఉండదు, లేదా ఆధార్‌తో కలపరు. అన్నిటికంటే పెద్ద నష్టం, ఎంపికయ్యాక తొమ్మిదిలో హైస్కూలు మారడంతో జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఎవరూ నమోదు చేయకపోవడం, పదిలో రెన్యువల్ మరిచిపోవడం. ఎంపికైన పిల్లవాడి కాగితాల కట్ట హైస్కూలు హెడ్మాస్టరు చేతికి మీరే అందించండి. పేరు సవరణలు ఆరో తరగతిలోనే చేయించండి, ఎనిమిదిలో టైం చాలదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల వివరాలు?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. యూడైస్‌లో ఆ గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన పిల్లలు లేనట్టు కాదు. బోర్డు మీద రాసింది పక్కవాడి పుస్తకంలో చూసి ఎక్కించుకునే పిల్లవాడికి ముందు కంటి పరీక్ష చేయించండి. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం వాళ్లని బడికి పిలిపించవచ్చు.

ఈ లెక్కలన్నీ నోటీసు బోర్డులో, వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా?

మొత్తం పిల్లలు, టీచర్లు, భోజనం, పనిదినాలు పెట్టండి, దాచాల్సిందేమీ లేదు. వర్గం వారీ, వైకల్యం వారీ మార్కులు మాత్రం పెట్టకూడదు. ఏడో తరగతిలో ఎస్టీ అమ్మాయిలు ఇద్దరే ఉంటే ‘ఎస్టీ బాలికలు: ఇద్దరిలో ఒకరికి 35 రాలేదు’ అన్న వాక్యంతో ఊరంతటికీ పేరు తెలిసిపోతుంది. ఐదుగురి కంటే తక్కువున్న ఏ గడినీ బయట పెట్టకండి. మూడేళ్లు కలిపైనా చూపించండి, లేదా టీచర్ల మధ్యే ఉంచండి. వలస గుర్తులు, ఫోన్ నంబర్లు, చదవడంలో ఎవరు ఏ స్థాయిలో ఆగారో ఉన్న కాగితం హెడ్మాస్టరు బీరువాలో ఉండాలి. తల్లికి తన పిల్లవాడి వివరం మాత్రం తప్పకుండా చూపించాలి, పక్కవాడిది చూపించకూడదు.

కమిటీ మీటింగుకి ఏ కాగితం తయారు చేయాలి?

ఒకే పేజీ, తరగతికి ఒక వరస. ఎంతమంది ఉన్నారు (బాలురు, బాలికలు విడిగా), గత నెలలో రెండు రోజులు దాటి మానినవాళ్లెంతమంది, కథ చదవగలిగేవాళ్లు ఎంతమంది, తీసివేత వచ్చినవాళ్లు, భాగహారం వచ్చినవాళ్లు, జూన్ తర్వాత కొత్తగా చేరినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు. శాతాలు వద్దు, సగటు వద్దు. పక్కన జూన్ నాటి అంకె చిన్నగా రాయండి. కమిటీలో ప్రతి తల్లీ చదవలేకపోవచ్చు కాబట్టి కాగితం పంచి ఊరుకోకుండా ఒకరు పైకి చదవాలి. ‘ఆరులో 17 మంది, కథ చదివేవాళ్లు జూన్‌లో ఆరుగురు, ఇప్పుడు పదిమంది’ అని చదివాక, మిగిలిన ఏడుగురికి వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తున్నారు, ఎవరు చెబుతున్నారు అన్న రెండు ప్రశ్నలకీ జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి. తర్వాతి మీటింగు ఆ పేజీ చదవడంతోనే మొదలవ్వాలి.